ఇంటి రంగులు

ధనుర్మాసము ప్రవేశించినదనగా గోదావరి తీరమునందలి అడవిపల్లెలలో ఎర్రమన్ను త్రవ్వి తెచ్చుట మొదలగును. ఖమ్మము విడిచి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వైపు పోవుచున్నకొలది పొలములు సన్నగిల్లి, టేకు, తునికి, మోదుగ చెట్లు దారికి ఇరువైపుల చేరును. ఆ చెట్ల నడుమనున్న కోయగూడెములలోను, వాటి ప్రక్కనున్న రైతుల పల్లెలలోను మట్టిగోడల యిండ్లు నేటికిని కొన్ని కలవు. వానకాలమంతయు తడిసి, చలికాలమున బీటలు వారిన గోడకు ముందుగా పేడయు మన్నును కలిపి మెత్తుదురు. అది ఆరిన పిమ్మట ఎర్రమన్ను పూత. ఆ పూతపై గోడ అడుగున ఒక తెల్లని సున్నపు పట్టె, గడపకు పసుపు, ద్వారబంధమునకు రెండు ప్రక్కల సున్నపు చుక్కలు. ఇంతే. దీనికి పట్టు ఖర్చు కొద్దిపాటి సున్నము వెల మాత్రమే. మిగిలినదంతయు కాళ్ల క్రిందనే యున్నది.

ఇట్టి గోడలు తగ్గిపోవుచున్నవి. తగ్గుట తప్పని కొందరందురు. ఆ మాట పట్టణమున మిద్దెలలో నుండి చెప్పువారికి సులభము. మట్టియింటిలో కాపురము చేయువారికి చెదపురుగు బాధ, పాము భయము, ప్రతి యేటను మెత్తుకొనవలసిన చాకిరి అనుభవములోని సంగతులు. పైగా గోదావరి యున్నది. భద్రాచలము వంతెన యొద్ద నీటిమట్టము 43 అడుగులు చేరగానే మొదటి హెచ్చరిక చేయుదురు. 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు లేచెను. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటెను. అంతటి వరద ముందు మట్టిగోడ ఏపాటిది? కావున ఇటుకయు సిమెంటును అడవిపల్లెకు వచ్చుట మేలే. దానిని చూచి విచారించుట న్యాయము కాదు.

విచారింపవలసినది మరియొకటి కలదు. గోడ పోయినప్పుడు గోడతో పాటు దానిపై రంగులు వేయు నేర్పు కూడ పోవుచున్నది. ఏ మన్ను ఏ వాగు ఒడ్డున దొరకును, ఎంత నీటికి ఎంత బంక కలుపవలెను, ఏ రంగుపై ఏ రంగు నిలుచును అను సంగతులు ఏ పుస్తకములోను వ్రాసి యుంచినవి కావు. అవి అవ్వ చేతినుండి మనుమరాలి చేతికి, ఏటికొకమారు, సంక్రాంతి ముందరి నాలుగు దినములలో అందుచు వచ్చినవి. రెండు తరముల పాటు ఆ నాలుగు దినములు లేకపోయిన యెడల అడిగి తెలిసికొనుటకు మనిషి మిగులడు. గోడ మారినను ఈ నేర్పు మారిన ఇంటిలోనికి రావలెను. గోడమీద చోటు లేనిచో ఇంటిలోని చిన్న చిన్న వస్తువులపైకి రావలెను. ఈ పని ప్రభుత్వము చేయునది కాదు, సంత చేయునది కాదు. కుటుంబములు తమంతట తాము చేసికొనవలసినది.

గోడమీది రంగులు గోడ విడిచి బ్రతికిన దృష్టాంతము బీహారులో ఉన్నది. 1934లో అచ్చట గొప్ప భూకంపము కలిగి ఇండ్లు కూలిపోయినప్పుడు, నష్టములను చూడబోయిన విలియం ఆర్చర్ అను ఆంగ్లేయ అధికారి పగిలిన గోడల లోపలి భాగములపై మిథిలాప్రాంతపు స్త్రీలు వేసిన చిత్రములను చూచి ఆశ్చర్యపడెను. బయటివారి కన్ను పడని ఆ లోగిళ్లలో పెండ్లిగదులకు వేసిన చిత్రములవి. తరువాత 1966-67 సంవత్సరములలో ఆ ప్రాంతమున కరవు వచ్చెను. అప్పుడు అఖిల భారత హస్తకళల మండలి వారు భాస్కర్ కులకర్ణి అను చిత్రకారుని ఆ పల్లెలకు పంపి, స్త్రీలకు కాగితములిచ్చి, గోడమీద వేయునవే కాగితముపై వేయుమని ప్రోత్సహించిరి. కాగితము అమ్ముడుపోయినది, కడుపు నిండినది, కళ నిలిచినది. మహారాష్ట్రలోని వార్లీ చిత్రములును ఇట్లే ఎర్రమన్ను గోడనుండి బయలుదేరి గుడ్డపైకిని కాగితముపైకిని వచ్చినవి. బియ్యపు పిండి నీరు, కొన నమిలిన వెదురుపుల్ల, ఇవియే వారి సామగ్రి.

గోదావరి అడవిపల్లెల గోడలకు అట్టి కీర్తి రాలేదు. ఆ సున్నపు చుక్కలకును పట్టెలకును మిథిలా చిత్రముల విస్తారము లేదన్నది నిజమే. కాని ఇచ్చట ప్రశ్న అమ్మకమును గూర్చినది కాదు. ఒక ఇంటివారు సెలవుదినమున కలిసి కూర్చుండి, తమ చేతులతో, తమ ఊరి మన్నుతో ఒక వస్తువును చేసి దానికి రంగు వేసికొనగలరా అన్నదే ప్రశ్న. చేయగలరు. అందుకు తగిన వస్తువులు పెక్కులేదు, రెండు మూడు చాలును.

మొదటిది కాగితపు గుజ్జుతో చేయు బుట్ట. తెలుగు ఇండ్లలో పాతకాలపు స్త్రీలకు ఇది సుపరిచితమైన పని. వ్రాసి పారవేసిన నోటుపుస్తకముల కాగితములు చించి మూడు దినములు నీట నానవేయుదురు. పిడికెడు మెంతులు వేరుగ నానవేసి, రెంటిని కలిపి రోటిలో మెత్తగా రుబ్బుదురు. మెంతుల జిగట గుజ్జును గట్టిగా పట్టి యుంచును, వాటి చేదు పురుగును దరికి రానీయదు. పాత వెదురుబుట్టకు గాని, బోర్లించి నూనె రాచిన గిన్నెకు గాని ఆ గుజ్జును వ్రేలిమందమున మెత్తి ఎండబెట్టవలెను. నాలుగెండలకు అది కొయ్యవలె గట్టిపడును. వెదురు తట్టలు, చేటలు శిథిలమై కన్నములు పడినప్పుడు వాటికి ఈ గుజ్జు పూసి మరల పదేండ్లు వాడుకొన్న ఇండ్లు కలవు. జొన్నలు, కందులు, ఎండుమిరపకాయలు దాచుటకు ఇది తగినది. నీరు తగులు వస్తువునకు మాత్రము పనికిరాదు.

రెండవది కొబ్బరిచిప్పతో చేయు ముఖము. ఈ విద్యలో ఘనులు సిద్ధిపేట జిల్లాలోని చేర్యాల నకాషీలు. పటములు వ్రాసి ఊరూర కథలు చెప్పువారికి ఇచ్చుట వారి కులవృత్తి. కొబ్బరిచిప్పపై వారు చేయు చిన్న ముఖములు దూరదేశములకు పోవుచున్నవి. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి ముద్దచేసి, ఆ ముద్దతో చిప్పపై ముక్కు, కనుబొమలు, పెదవులు దిద్దుదురు. నీడపట్టున ఆరనిచ్చి, తెల్లసుద్ద పూత వేసి, పైన రంగులు వేయుదురు. పూర్వపు కృష్ణాజిల్లాలోని కొండపల్లి బొమ్మలలోను ఇదే పద్ధతి కనబడును. అచ్చట తెల్లపొణికి కొయ్యతో చెక్కిన అవయవములను చింతగింజల ముద్దతోనే అతుకుదురు. పొణికి చెట్టు ఇప్పుడు సులభముగా దొరకునది కాదు గనుక ఇంటి ఆటకై దానిని నరకుట తగదు. కొబ్బరిచిప్పకు ఆ చిక్కు లేదు. నిత్యము యాత్రికులు కొబ్బరికాయలు కొట్టు భద్రాచలము వంటి క్షేత్రమున చిప్పలకు కొరత యెక్కడిది? రంపపు పొట్టు వడ్రంగి ఊరకనే ఇచ్చును.

మూడవది సొరబుర్ర. కోయలును కొండరెడ్లును పొలమునకు, అడవికి పోవునప్పుడు ఎండిన సొరకాయలో నీరు పోసికొని పోవుట పూర్వాచారము. దాని చర్మము నున్ననైనది గనుక మట్టిరంగు దానిపై నిలువదు, రెండు దినములకే రాలిపోవును. సరిహద్దు కావలనున్న బస్తరులో కాల్చిన ఇనుపకత్తితో దానిపై నల్లని గీతలు గీయుదురు. ఇది పెద్దల చేతిపనియే గాని పసివారి పని కాదు. పసివారు ముందుగా బొగ్గుతో గీసి ఇచ్చుటకు అడ్డు లేదు.

ఇక రంగుల విషయము. ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసి యున్నది, ఏలయనగా పని చెడుట సాధారణముగా ఇచ్చటనే. మన్నుతో వచ్చు రంగులు వేరు, ఆకులతోను పూలతోను వచ్చు రంగులు వేరు. ఎర్రమన్నులోని ఎరుపు ఇనుము వలన కలిగినది. అది ఎండకు వెలయదు, ఏండ్లకు మారదు. మధ్యప్రదేశమునందలి భీంబేట్కా గుహలలో ఆదిమానవుడు వేసిన ఎర్రని బొమ్మలు వేల సంవత్సరములైనను నేటికి కనబడుచున్నవన్న అది ఆ మన్ను గొప్పతనమే. ఎర్రమన్నును, దొరికిన చోట పచ్చమన్నును దంచి, నీట కలిపి, గులకరాళ్లు అడుగునకు దిగిన వెంటనే పైనీటిని వేరొక పాత్రలోనికి వంచవలెను. ఆ నీరు తేరిన పిమ్మట అడుగున నిలిచిన మెత్తని వండలియే రంగు. పర్ణశాల యొద్ద సీతవాగు ఒడ్డున రంగురాళ్లను చూపి, సీతాదేవి పసుపు కుంకుమలకు వానినే అరగదీసికొన్నదని యాత్రికులు చెప్పుకొందురు. రాతిలో రంగున్నదని జనులు ఎంతకాలము నుండి ఎరుగుదురో దీనినిబట్టి ఊహింపవచ్చును. ఆ రాళ్లను మాత్రము ఇంటికి మోసికొని పోరాదు, ఎవరి ఊరి వాగులో వారికి మన్ను దొరకును.

తెలుపునకు సుద్ద గాని సున్నము గాని. నలుపునకు బొగ్గుపొడి, లేదా ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి పట్టిన మసి. మసిలో జిడ్డు ఉండును గనుక నీట వేసినచో పైన తేలియాడును. దానిని ముందు బంకతో మెదిపి, పిదప నీరు కలుపవలెను. మోదుగుపూలు మాఘఫాల్గుణములలో అడవియంతయు అగ్నివలె పూచును. నీట మరిగించినచో కాషాయపు చాయ గల రంగు దిగును. హోళీకి పిల్లలు చల్లుకొను రంగు నీళ్లు పూర్వము ఇవియే. ఈ పూలరంగును, పసుపును, ఆకుపసరును ఎండకు నిలువవు. నీడలో ఉండు వస్తువులకే వానిని వాడవలెను.

పసుపు విషయములో మరియొక వింత కలదు. పసుపు పొడిని సున్నపు తేటలో కలిపినచో ఎర్రబడును. దిష్టి తీయు ఎర్రనీళ్లు, పెండ్లిండ్లలో చల్లుకొను వసంతము ఇట్లు కలిగినవే. అందులో నిమ్మరసము పిండినచో మరల పసుపుపచ్చనగును. క్షారము తగిలినప్పుడొక రంగు, ఆమ్లము తగిలినప్పుడొక రంగు. ఎనిమిదవ తరగతి విద్యార్థి విజ్ఞానశాస్త్ర పాఠమున లిట్మసు కాగితముతో చేయు పరీక్షను అతని తల్లి ప్రతి శుభకార్యమునందును పళ్లెములో చేయుచునే యున్నది! రంగులు వేయువారికి దీనివలన తెలియవలసిన దేమనగా, సున్నము కొట్టిన గోడపై పసుపుతో పసుపుపూవు వేయబోయినచో ఎర్రపూవగును. అచ్చట పచ్చమన్ను వాడవలెను.

వట్టి మన్నును నీటితో పూసినచో ఆరిన పిమ్మట చేతికి అంటును. అది నిలుచుటకు జిగురు కావలెను. తుమ్మబంక నీట తేలికగా కరగును, రంగులకు అది శ్రేష్ఠము. అడవిలో తపసిబంక దొరకును గాని అది నీట కరగక ఉబ్బి ముద్దయగును. అదియు గాక, అది గిరిజనుల జీవనాధారములలో నొకటి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ నాటినుండి వారియొద్ద కొనుచు వచ్చిన సరకు. దానిని బొమ్మలకై పాడుచేయుట అవివేకము. ఇక చింతగింజలు ప్రతి ఇంటను పారవేయునవే. వానిని దోరగా వేయించి, నానబెట్టి, పైపొట్టు తీసి రుబ్బి, నీటితో కలిపి సన్నని సెగపై కాచినచో మంచి జిగురు వచ్చును. అది రెండు దినములకే పులియును. పులియకుండుటకు మైలుతుత్తము కలుపుట కొన్నిచోట్ల కలదు గాని అది విషము. పిల్లలున్న ఇంట ఏనాటికానాడు కాచుకొనుటయే మంచిది. కుంచె కొనవలసిన పని లేదు. ఈతపుల్ల గాని వేపపుల్ల గాని కొన చితుకగొట్టినచో సన్నని గీతకు చాలును, వెదురుపుల్లకు చుట్టిన గుడ్డపేలిక వెడల్పాటి పూతకు చాలును.

చవక యన్న మాటకు అజాగ్రత్త యని అర్థము కాదు. రాతిసున్నమును నీట వేసినప్పుడు అది బుసబుస పొంగి కాగును. ఒక చుక్క కంటిలో పడినను చూపునకే ముప్పు. సున్నము తడుపుట పెద్దలు చేయవలెను, తడిపిన మరునాడు గాని పిల్లలను దగ్గరకు రానీయరాదు. అంగడి రంగులు కొనువారికి వేరొక జాగ్రత్త అవసరము. నూనెరంగులలో సీసము కలియుట చాలకాలము జరిగినది. సీసము పసిపిల్లల మెదడునకు హాని చేయును, ఆ హాని తిరిగి సరియగునది కాదు. అందుచేతనే ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని భారత ప్రభుత్వము 2016లో చేసిన నియమములు 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. పాత డబ్బాలలో అడుగంటిన రంగును పిల్లలకు ఇచ్చుట ఏ ఇంటను కూడదు.

అంగడిలో అమ్ము రంగులపెట్టెపై ద్వేషమెందుకని ఎవరైన అడుగవచ్చును. ద్వేషము లేదు. కాగితముపై చిత్రలేఖనము నేర్చుకొను బాలునికి ఆ పెట్టె కావలసినదే. కాని పండుగనాడు గడపకు అంటించు ప్లాస్టిక్ ముగ్గు సంగతి వేరు. రంగులపెట్టె కొన్న బాలుడు దానితో ఏదో ఒకటి గీయును, అంటించు ముగ్గు కొన్న ఇల్లాలు ఏమియు గీయదు. చుక్కలు లెక్కపెట్టి, వంకలు తిప్పి, తప్పినచోట తుడిచి మరల వేయు ఆ గణితమంతయు అందులో మాయమైనది. నెలదినములకు రంగు వెలసి, అంచులు లేచి, చెత్తకుప్పకు చేరును. బియ్యపు పిండి ముగ్గును చీమలైనను తినెడివి.

చదువులు చెడునని ఆక్షేపించువారు మరికొందరు. మార్కులు తెచ్చుకొనవలసిన పిల్లవాడు మన్ను పిసుకుచు కూర్చుండుట యేమని వారి ప్రశ్న. ఏడాదికి నాలుగు దినములు ఈ పనిచేసినందున తప్పిన విద్యార్థి ఎవడును ఉండడు. గుజ్జు ఎందుకు గట్టిపడినది, పూత ఎందుకు పగిలినది అని ఆలోచించినవాడు పాఠము మరచుటకు బదులు పాఠములో లేని ప్రశ్నలు తెచ్చి ఉపాధ్యాయుని తికమక పెట్టును. దానివలన ఉపాధ్యాయునకు కొంత శ్రమ కలుగునన్నచో ఒప్పుకొనవచ్చును.

ఇంతవరకు కుటుంబము అను మాట పలుమారులు వచ్చినది. నిజమునకు ఈ పని నేటివరకు చేసినది కుటుంబము కాదు, కుటుంబములోని స్త్రీలు. మన్ను మోయుట, మెత్తుట, అలుకుట, ముగ్గు పెట్టుట అన్నియు వారివే. మగవారు పండుగనాడు కొత్తబట్టలు కట్టి అరుగుపై కూర్చుండి బాగున్నదనుటతో వారి వంతు తీరినది. ఎర్రమన్ను గోడ పోవుచున్నదని విచారించువారు ఆ గోడను ఏటేట మోకాళ్లపై కూర్చుండి అలికిన ఆమెను ఎన్నడైన అడిగిరా? సిమెంటు గోడ రాగానే ఆమె సంతోషించినదనిన అందులో తప్పేమున్నది? కావున ఈ నేర్పు నిలువవలెనన్నచో ముందుగా అది అందరి పని కావలెను. గుజ్జు రుబ్బుట తండ్రి చేయవచ్చును, మసి పట్టుట కొడుకు చేయవచ్చును. అవ్వ కూర్చుండి ఎంత పాలు ఎంత పట్టునో చెప్పవలెను. ఆడపిల్లకు కుంచె, మగపిల్లవానికి ఆట అన్న పంపకము ఉన్నంతకాలము కుటుంబ కళ అను పేరు పెట్టుట మర్యాద కాదు.

ఏ బొమ్మలు వేయవలెనను విషయములో ఒక విచక్షణ అవసరము. కోయలలో గోత్రములవారికి ఇలవేల్పులు కలవు. జాతరలలో డోలి వాయించుచు ఆ గోత్రముల పుట్టుకను, పూర్వవీరుల కథలను గానము చేయువారు వేరుగా నుందురు. ఆ కథలు బొమ్మలుగా గల త్రికోణపు గుడ్డపటములను భక్తితో బయటికి తీసి పూజింతురు. అవి అలంకారములు కావు, ఒక గోత్రమువారి చరిత్రగ్రంథములు. మణుగూరు మండలము కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్య కోయల వీరగాథలను, సమ్మక్క సారలమ్మల కథను కంఠస్థముగా పాడిన గాయకుడు. ఆయనకు 2022లో పద్మశ్రీ బిరుదము లభించెను. 2024లో ఆయన మరణించెను. అట్టివారు ఎంత వ్యయప్రయాసలతో ఆ కథలను నిలిపిరో తెలిసినవారు, ఆ పటములలోని దేవతారూపములను ఎత్తి తెచ్చి పూలకుండీలపై వేయరు. ఊరిలోని చెట్టు, ఎద్దు, నెమలి, ఇప్పపూవు, తమ ఇంటి మనుషులు ఎవరికైనను ఎత్తి వేసికొనదగినవి. కోయబాలుడు తన గోత్రపు కథను తన పెద్దల అనుమతితో గీసికొనుట వేరు, అది అతని సొత్తు. పటము కావలసిన పట్టణవాసి వేసినవారికి తగిన వెల యిచ్చి కొనవలెను. ఇంటిలో చేసికొను పనికిని, బ్రతుకుదెరువుగా చేయువారి పనికిని మధ్య ఈ గీత చెరగరాదు.

ఈ నేర్పును గోడనుండి వస్తువుపైకి తెచ్చుకొనుట ఈ ప్రాంతపు వారికి ఇతరులకంటె తొందరైన పని. పూర్వము తూర్పుగోదావరిలో నుండిన భద్రాచలము డివిజను 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు మారెను. ఆ వైపు పల్లెలలో పెక్కు పోలవరము జలాశయపు ముంపునకు లోనగునవి. కోయలును కొండరెడ్లును తరతరములుగా నున్న ఊళ్లు విడిచి పునరావాస కాలనీలకు పోవలసి వచ్చినది, ఇంకను పోవలసినవారు ఉన్నారు. తలుపులు, దూలములు, కుండలు, కోళ్లు బండికెక్కును. గోడ ఎక్కదు. ఎర్రమన్ను దొరకు వాగు అసలే ఎక్కదు. కాలనీలో ఇండ్లు వరుసగా ఒకే కొలతతో, ఒకే రంగుతో నుండును. చీకటిపడిన తరువాత తన ఇల్లు ఏదో పోల్చుకొనలేక పసిపిల్ల పొరుగింటి గడప తొక్కిన ఆశ్చర్యము లేదు. ఆ తలుపు ప్రక్కన తమ చేతితో వేసిన నాలుగు చుక్కలున్నచో ఆ పిల్లకు అదియే గుర్తు.

సిమెంటు గోడ నున్నగా నుండును గనుక ఎర్రమన్ను పూత దానిపై నేరుగా నిలువదు, పెచ్చులుగా లేచిపోవును. గోడను తడిపి ముందుగా పలుచని సున్నము రెండు పూతలు వేయవలెను. రెండవ పూత తడి యారకమునుపే తేర్చిన ఎర్రమన్నుతో పట్టె గీసినచో సున్నము గాలి పీల్చి గట్టిపడుచు రంగును తనలో పట్టుకొనును. వాన నేరుగా కొట్టని వసారా గోడపై అది రెండు మూడేండ్లు ఉండును. వీధివైపు గోడపై మాత్రము ఒక్క వానకాలమునకే వెలిసిపోవును. అప్పుడు ధనుర్మాసమున మరల సున్నము తడుపవలసి యుండును.